పాఠం చెప్పని కోచ్

బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్లు చాలామంది కోచ్‌లయ్యాక తమకు తెలిసినదంతా కుర్రాళ్ల చేత చేయించాలని చూస్తారు. జపాన్ మాజీ పిచర్ మసాటో యోషీ మాత్రం ముందు కుర్రాడి చేత మాట్లాడిస్తారు. 2018లో వచ్చిన ఆయన పుస్తకం పేరుకు అర్థం కూడా అదే: గొప్ప కోచ్ నేర్పడు.

1965లో వకయామాలో పుట్టిన యోషీ కింటెట్సు బఫలోస్ జట్టుతో ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చారు. మ్యాచ్ చివర్లో దిగి ఆధిక్యాన్ని కాపాడే పని ఆయనది. 1988లో 24 సేవ్‌లు చేశారు. 1995లో యాకుల్ట్ జట్టుకు మారి, మొదటి నుంచీ బంతి అందుకునే స్టార్టర్‌గా వరుసగా మూడేళ్లు పదికి తగ్గకుండా విజయాలు సాధించారు. 1998లో, నచ్చిన జట్టుకు వెళ్లే ఫ్రీ ఏజెంట్ హక్కుతో న్యూయార్క్ మెట్స్‌లో చేరారు. ఆ హక్కు మీద జపాన్ నుంచి అమెరికా మేజర్ లీగ్‌కు వెళ్లిన తొలి ఆటగాడు ఆయనే.

ఆయన ఆలోచన మారింది అక్కడే. ఏం మార్చుకోవాలో చెప్పమని పిచింగ్ కోచ్ బాబ్ అపొడాకాను అడిగారు. నీ పిచింగ్ గురించి నీకు తెలిసినంతగా ఇక్కడెవరికీ తెలియదు, ముందు నువ్వే నాకు చెప్పు, తర్వాత ఇద్దరం కలిసి తేల్చుకుందాం అన్నాడాయన. పెద్దలు చెబితే తలూపడమే అలవాటైన యోషీకి అది కొత్త. మరుసటి ఏడాది 12 మ్యాచ్‌లు గెలిచారు.

2007లో ఆట మానేసి కోచ్ అయ్యారు. అనుభవం ఒక్కటే చాలదనుకుని త్సుకుబా విశ్వవిద్యాలయంలో కోచింగ్ మీద పీజీ కూడా చేశారు. మ్యాచ్ అయ్యాక కుర్ర పిచర్‌ను ఆయన అడిగేవి మామూలు ప్రశ్నలే. ఏది బాగా కుదిరింది? ఏది కుదరలేదు? మళ్లీ అవకాశం వస్తే ఏం చేస్తావు? మైదానం మధ్యలో బంతి పట్టుకుని నిలబడ్డప్పుడు పక్కన కోచ్ ఉండడు. నిర్ణయం తనే తీసుకోవాలి. ఆ అలవాటు ముందే పడాలన్నది యోషీ లెక్క. అయితే ఏమీ తెలియని కొత్తవాడికి ముందు పని నేర్పాల్సిందే. ప్రశ్నలు ఆ తర్వాత.

రోకి ససాకి అనే కుర్ర పిచర్ విషయంలో యోషీ ఓపిక బాగా కనబడుతుంది. హైస్కూల్లోనే గంటకు 163 కిలోమీటర్ల వేగం అందుకున్న కుర్రాడు. క్రికెట్ బౌలర్ మోచెయ్యి దాదాపు నిటారుగా ఉంచి బంతి వేస్తాడు. పిచర్ వంచి విసురుతాడు. ఆ విసురులో మోచేతి లిగమెంట్ మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. ఎదిగే ఒంటికి అంత వేగం ప్రమాదం. అందుకే యోషీ పిచింగ్ కోచ్‌గా ఉన్న చిబా లోట్టే మెరీన్స్ 2020లో అతణ్ని ఒక్క అధికారిక మ్యాచ్‌లోనూ ఆడించలేదు. 2022 ఏప్రిల్ 10న అదే ససాకి 105 బంతుల్లో, 19 స్ట్రైకౌట్లతో, ప్రత్యర్థిని ఒక్కసారీ బేస్ చేరనివ్వకుండా పర్ఫెక్ట్ గేమ్ ముగించాడు. జపాన్‌లో 28 ఏళ్ల తర్వాత అలాంటిది అదే మొదలు.

2023లో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ గెలిచిన జపాన్‌కు పిచింగ్ కోచ్ యోషీయే. ఆ ఏడాది సీజన్ నుంచి లోట్టేకు మేనేజర్‌గా, అంటే ప్రధాన కోచ్‌గా పనిచేశారు. జట్టు రెండో స్థానంలో, తర్వాత మూడో స్థానంలో నిలిచింది. 2025లో అట్టడుగుకు పడిపోవడంతో తప్పుకున్నారు. దీన్నిబట్టి ఆయన పద్ధతి ఓడిందనలేం. కోచ్ ఒక పిచర్ ఎదగడానికి ఏళ్లు ఆగగలడు. మేనేజర్‌కు ప్రతి సాయంత్రం గెలుపు కావాలి. కోచ్‌లను ఎంచుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి.