కలివికోడి కోసం భూసేకరణ

కాలువ కోసం, రోడ్డు కోసం, కర్మాగారం కోసం ప్రభుత్వం భూమి సేకరించడం మనకు కొత్త కాదు. ఒక పక్షి కోసం రైతుల పట్టా భూములు సేకరించడం మాత్రం అరుదు. ఆంధ్రప్రదేశ్‌లోని కడప జిల్లాలో ఆ పని జరిగింది. ఆ పక్షి కలివికోడి. శాస్త్రవేత్తలు జెర్డాన్స్ కోర్సర్ అంటారు.

కోడి అన్నది పేరుకే. నిజానికి ఇది పొడవాటి కాళ్లతో నేల మీద పరుగెత్తే చిన్న పక్షి. రాత్రిపూట తిరుగుతూ పురుగులను ఏరుకు తింటుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తర్వాత కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వాకబు చేస్తుండగా, రాత్రి లైటు వెలుగులో పిట్టలు పట్టే అలవాటున్న ఒక స్థానికుడు రెడ్డిపల్లి దగ్గర దీన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. అంటే 86 ఏళ్ల తర్వాత దీని ఆచూకీ తెలిసింది వేట తెలిసిన మనిషి వల్లనే!

1988లో లంకమల కొండల్లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 464 చదరపు కిలోమీటర్లు. అయితే కలివికోడికి కొండలు, దట్టమైన అడవి అక్కర్లేదు. దానికి కావలసింది కొండల దిగువన ఉండే చిట్టడవి. పొలాలకూ పశువుల మేతకూ కావలసిందీ ఆ నేలే. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పక్షి ఆవాసాన్ని తాకడంతో వివాదం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మార్చారు. ఆవాసంగా పనికొచ్చే ప్రైవేటు భూములను ప్రభుత్వం సేకరించింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం ప్రకటించాలంటే ముందు ఆ హద్దుల్లో ఎవరికి ఏ హక్కులున్నాయో కలెక్టర్ విచారించాలి. హక్కుదారులు రెండు నెలల్లో అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. కలెక్టర్ ఆ భూమిని హద్దుల నుంచి తప్పించవచ్చు, పరిహారమిచ్చి సేకరించవచ్చు, లేదా కొన్ని హక్కులను కొనసాగనివ్వవచ్చు. మూడో దారి కాగితం మీద ఉన్నంతగా ఆచరణలో కనిపించదు.

అమెరికాలో ఈ లెక్క వేరు. 1937 నాటి చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాలపై వసూలయ్యే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. ఆ డబ్బుతో కొన్న భూముల్లో చాలాచోట్ల సీజన్‌లో లైసెన్సు ఉన్న ఎవరైనా వేటాడవచ్చు. కాబట్టి వేటగాళ్లే ఆవాసానికి పెట్టుబడిదారులు. మన దేశంలో వేట నిషేధం. ఇక్కడ ఖర్చు ఖజానాది, భూమి రైతుది.

భూమి చేతికొచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. ఈ పక్షి చాలా అరుదుగా కంటపడుతుంది కాబట్టి పరిశోధకులు మెత్తని మట్టి పట్టీలు పరచి, తెల్లవారాక వాటి మీది పాదముద్రలు వెతికారు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుంచి 700 వరకు ఉన్నచోట పక్షి ఉండే అవకాశం ఎక్కువని తేలింది. పొదలు మరీ పల్చబడితే చాటు ఉండదు. మరీ దట్టమైతే పరుగెత్తడానికి నేల ఉండదు.

ఆ మధ్యస్థ స్థితిని ఇన్నాళ్లూ కొంతవరకు నిలబెట్టింది మేకలు, పశువులు, వంటచెరకు కొట్టుకునే జనమే. కంచె వేసి అందరినీ పంపేస్తే పొదలు అల్లుకుపోయి పక్షికి పనికిరాకుండా పోవచ్చు. మేత మితిమీరితే నేల బోసిపోతుంది. అందుకే సేకరించిన నేలలో ఎన్ని పశువులను, ఏ నెలల్లో, ఎంతసేపు మేపనివ్వాలన్నది అటవీశాఖ పొదలను లెక్కపెట్టి, ఏటా మళ్లీ తేల్చుకోవాల్సిన విషయం. ఆ లెక్క తెలిసిన కాపరులు చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు.