ఫిజీ దీవిలో టెలివిజను

పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు తూర్పుగా, ఫిజీ అను దీవుల సముదాయము కలదు. ఆంగ్లేయుల పాలనలో, 1903వ సంవత్సరము మొదలుకొని, అచటి చెఱకుతోటలలో పనిచేయుటకై చెన్నపట్టణపు రేవున ఓడలెక్కిన కూలీలలో తెలుగువారును ఉండిరి. కాని యీ వృత్తాంతము వారిది కాదు. ఆ దీవుల మూలవాసులైన ఫిజియనులది.

ఫిజియనులకు పుష్టియైన దేహమనిన మిక్కిలి గౌరవము. ఒకడు బొద్దుగానున్నచో, వానిని ప్రేమతో పోషించువారు కలరని దాని యర్థము. భోజనవేళ త్రోవను పోవువారిని సైతము "రండు, భుజింపుడు" అని పిలుచుట వారి యాచారము. ఎవరైనను చిక్కిపోయినచో ఇరుగుపొరుగువారు కలవరపడుదురు. ఆకలి మందగించుట వ్యాధియని యెంచి మూలికల రసము త్రాగింతురు. సెలవులకు వచ్చిన మనుమని చూచి "చిక్కిపోయినావు నాయనా" అనని అమ్మమ్మ మనలోను ఉండదు గదా! సన్నబడుటకై కావలెనని పస్తుండుట మాత్రము వారికి వింత.

ఇట్టివారు నివసించు నంద్రోంగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చెను. ఆన్ బెకర్ అను అమెరికా వైద్యురాలు అంతకు పూర్వమే ఫిజీ గ్రామములందుండి, అచటి ఆచారములను పరిశీలించియుండెను. టెలివిజను వచ్చిన కొలది వారములలోనే ఆమె 63 మంది పాఠశాల బాలికలను వారి భోజనపు అలవాట్లను గూర్చి ప్రశ్నించెను. మరల 1998లో 65 మందిని ప్రశ్నించెను. మొదటిసారి 8 మందిలో కనబడిన అనారోగ్య లక్షణములు రెండవసారి 19 మందిలో కనబడెను. బరువు తగ్గుటకై తినినదానిని బలవంతముగా క్రక్కువారు 1995లో ఒక్కరును లేరు. 1998లో నూటికి 11 మంది యుండిరి. తాము మిక్కిలి లావుగా నున్నట్లు అప్పుడప్పుడైనను తోచుచున్నదని నూటికి 74 మంది చెప్పిరి. తల్లులు ముచ్చటపడిన దేహమే కుమార్తెలకు కొఱతగా తోచెను!

వీరు కోరినది అందము మాత్రమే కాదు. అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశముల కథలలో సన్నని స్త్రీలు ఉద్యోగములు చేయుచు, ధనవంతులై, మన్ననలందుచుండిరి. తామును అట్లు సన్నబడినచో ఉద్యోగము దొరకునని కొందఱు బాలికలు నమ్మిరి. తెరమీది మేను ఎట్లు తయారగునో చూచువారికి తోచదు. ఎందఱిలోనుండియో ఏరి తెచ్చిన నటులు వారు. దీపములు, రంగులు, కెమెరా నిలుపు తీరు మిగిలిన పనిని చేయును. నేడు చేతిలోని ఫోనే ముఖమును నునుపుచేసి, నడుమును తగ్గించి చూపుచున్నది. బాలురకు కండలు తిరిగిన దేహమును ఆశచూపుచున్నది.

అయినను టెలివిజను ఒక్కటియే కారణమని తొందరపడి యనరాదు. రెండుసారులు ప్రశ్నింపబడినవారు వేర్వేఱు బాలికలు. వంశలక్షణములు, మనోవేదనలు కూడ ఈ వ్యాధులకు తోడగును. వ్యాధులని ఏల అంటిననగా, ఇవి పెంకితనములు కావు. కడుపు మాడ్చుకొనువారి యెముకలు బలహీనపడును, గుండె మందగించును. బలవంతముగా క్రక్కువారికి కడుపులోని ఆమ్లము దంతములను తినివేయును. రక్తమున పొటాషియము తగ్గి గుండె లయ తప్పును. పెద్దలతో చెప్పుకొని, వేళకు వైద్యము పొందినవారు కోలుకొనుచున్నారు. దాచుకొనినకొలది రోగము ముదురును.

బెకరును ఆమె సహచరులును ఫిజీలో మఱియొక పరిశీలనము గావించి, 2011లో దాని ఫలితములను ప్రకటించిరి. ఈసారి ప్రతి బాలికయింట టెలివిజను మొదలగు సాధనములు కలవో లేవో అను దానితోపాటు, ఆమె స్నేహితురాండ్ర యిండ్లలో ఎంతగా నున్నవో కూడ లెక్కించిరి. స్నేహితురాండ్రు వానిని ఎక్కువగా చూచుచున్నచో, తాను అంతగా చూడని బాలికకును ఆ చిక్కులు హెచ్చుగానుండెను.