కోనసీమ స్లాబు ఇళ్లకు కొబ్బరి పీచు పొర

కోనసీమలో పెంకుటిళ్ల స్థానంలో స్లాబు ఇళ్లు వచ్చాక రెండు ఇబ్బందులు జంటగా ఇంట్లో చేరాయి. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు కప్పు రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి సెగ వదులుతుంది. నున్నని టైల్సు, సిమెంటు గోడలు శబ్దాన్ని పీల్చుకోక తిప్పికొట్టడంతో గది గింగురుమంటుంది. ఈ రెండింటికీ పనికొచ్చే పదార్థం కొబ్బరి డొక్కల రూపంలో అంబాజీపేట, కొత్తపేట, రాజోలు ప్రాంతాల్లో కుప్పలుగా పడి ఉన్నా, దాన్ని ఇంటి నిర్మాణ సామగ్రిగా చూసే అలవాటు ఇంకా రాలేదు.

పాత ఇళ్లకు వేడి నుంచి రక్షణ అడగకుండానే దొరికేది. మండువా లోగిలిలో వేడెక్కిన గాలి నడిమి ఖాళీ గుండా పైకి పోయేది. పెంకులకూ గదికీ మధ్య అటక ఉండేది. కురిడీ కొబ్బరి కోసం డొక్క తీయని కాయలను లోపలి నీరు ఇంకి గుడ్డు కదిలేదాకా నెలల తరబడి అటకపై పేర్చి ఉంచినప్పుడు, ఆ పీచు కాయల వరుసే ఎండవేడికి అడ్డుగోడ అయ్యేది.

పీచు పోగుల సందుల్లో చిక్కుకుని కదలలేని గాలి వేడిని అతి నెమ్మదిగా దాటనిస్తుంది. ఒక పదార్థం గుండా వేడి ఎంత సులువుగా ప్రవహిస్తుందో చెప్పే కొలతను ఉష్ణవాహకత అంటారు. మీటరు మందానికి, ఒక డిగ్రీ తేడాకు వాట్లలో కొలిస్తే అది కాంక్రీటుకు సుమారు 1.5 ఉంటే, అదిమిన పీచు పలకకు 0.05 ప్రాంతంలో ఉంటుంది. భారత ప్రభుత్వం 2018లో తెచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత, ఇంటి కప్పు చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడిని లోపలికి పంపకూడదని చెబుతుంది; మామూలు స్లాబు ఆ హద్దులోకి రావడానికి లెక్క ప్రకారం దాదాపు మూడు సెంటీమీటర్ల పీచు పలక సరిపోతుంది.

ధ్వని సంగతి ఇంత సూటిగా ఉండదు. ధ్వని తరంగం పోగుల మధ్య దూరినప్పుడు రాపిడి వల్ల దాని శక్తి వేడిగా మారిపోతుంది కనుక గదిలో ప్రతిధ్వని తగ్గి మాట తేటగా వినిపిస్తుంది. అయితే పక్కింటి లౌడ్‌స్పీకరును ఆపాలంటే బరువైన గోడ కావాలి, తేలికైన పలక చాలదు. శోషణ వేరు, నిరోధం వేరు. పైగా సన్నని పలక కీచు ధ్వనులను బాగా పీలుస్తుంది గాని డప్పు మోతవంటి మంద్రధ్వనులను అంతగా పట్టలేదు.

మళ్లీ వేడి సంగతికి వస్తే, ఉక్కపోత వేసవిని దృష్టిలో పెట్టుకుని చెక్క, కాగితపు తెరలు, వరిగడ్డి చాపలతో పల్చగా ఇళ్లు కట్టుకున్న జపాను కూడా, 2025 ఏప్రిల్ నుంచి కొత్త ఇళ్లన్నింటికీ ఇంధన పొదుపు ప్రమాణాలను తప్పనిసరి చేసి, కప్పుకూ గోడలకూ ఉష్ణనిరోధక పొర ఉండేలా చూస్తోంది. అయితే అక్కడ ఈ పొర ప్రధానంగా ఆపాల్సింది చలిని కాబట్టి ఇల్లంతా మూసి కప్పాలి. కొబ్బరి చెట్ల నీడ గోడలను కాపాడే కోనసీమలో మొదటి ఖర్చు కప్పు మీదే పెట్టడం న్యాయం.

పొరను స్లాబు పైన వేస్తే కాంక్రీటే వేడెక్కదు గనుక అది మేలైన పద్ధతి, కాని వాననీరు చేరి తడిసిన పీచు వేడిని ఆపలేదు. అందువల్ల నీరు దిగకుండా గట్టి ఏర్పాటు లేని ఇళ్లలో, నిప్పు త్వరగా అంటుకోకుండా బోరాక్సు వంటి లవణాలతో శుద్ధిచేసిన పలకలను స్లాబు అడుగున, నాలుగు వేళ్ల ఖాళీ వదిలి బిగించడం క్షేమం. ఆ ఖాళీలోని గాలి వేడికి మరో అడ్డుగా నిలుస్తూనే, పలక ఒక్కటే పట్టలేని మంద్రధ్వనులను కూడా కొంత పీల్చుకునేలా చేస్తుంది.