నా స్కూటర్ ఎందుకు ఆగిపోయింది?

పిల్లలూ, స్కూలు గేటు పక్కన నిలబడే నా బూడిదరంగు స్కూటర్‌ను మీరందరూ చూసే ఉంటారు. నాలాగే దానికీ బదిలీలు అలవాటు. 2021లో సికింద్రాబాద్‌లో కొన్నాను. పెట్రోలు తీసేయించి, గోనెపట్టా చుట్టించి, తాళ్లు కట్టించి రెండుసార్లు రైల్లో వేశాను. రెండోసారి దిగింది ఇక్కడ, ఢిల్లీలో.

వచ్చిన నెలకే మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు మా పాపను వెనక కూర్చోబెట్టుకుని ధౌలా కువాఁ దాటుతున్నాను. చిన్న గుంతలో చక్రం పడింది, ఇంజిన్ ఆగిపోయింది. వెనకనుంచి బస్సు హారన్. ఎలాగో పక్కకు నెట్టుకెళ్లాను. రెండు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే, ఏమీ జరగనట్టే నడిచింది. మీటరు మీద మాత్రం ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలుగుతూనే ఉంది.

సర్వీసు వాళ్లు బండికి కంప్యూటర్ తగిలించి చూశారు. "థ్రాటిల్ సెన్సర్ లోపం అని కోడ్ చూపిస్తోంది. మా దగ్గర అది విడిగా రాదు, మొత్తం భాగం మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన ధర వింటే నాకే ఇంజిన్ ఆగినంత పనైంది.

ఇంతకీ ఈ సెన్సర్ ఏమిటి? పాత స్కూటర్లలో కార్బ్యురేటర్ ఉండేది. లోపలికి పోయే గాలే తనకు కావలసినంత పెట్రోలును లాక్కునేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నియమాలు వచ్చాక, పొగ తగ్గించడం కోసం స్కూటర్లలో కూడా పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టర్లు పెట్టారు. ఎంత చిమ్మాలో లెక్క కట్టేది ఒక చిన్న కంప్యూటర్. దానికి కళ్లు లేవు. మనం యాక్సిలరేటర్ ఎంత తిప్పామో, గాలిదారిలో ఉన్న రేకు ఎంత తెరుచుకుందో దానికి ఎవరో చెప్పాలి. ఆ చెప్పేదే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్.

పదో తరగతి వాళ్లకు ఇది కొత్తేమీ కాదు, ల్యాబ్‌లో రియోస్టాట్ జరిపారు కదా. చాలా బళ్లలో ఈ సెన్సర్ లోపల కార్బన్ పూసిన ఒక పట్టీ ఉంటుంది. దాని ఒక చివర 5 వోల్టులు, రెండో చివర సున్నా. రేకుతో పాటు తిరిగే చిన్న లోహపు వేలు ఆ పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. వేలు సున్నా చివరనుంచి పదో వంతు దూరంలో ఉంటే అర వోల్టు, సగంలో ఉంటే రెండున్నర వోల్టులు. కాబట్టి బయటికి వచ్చేవి మూడు తీగలు: 5 వోల్టులు ఇచ్చేది ఒకటి, సున్నాది ఒకటి, కబురు మోసేది ఒకటి.

మీ ఊళ్లో తాతగారి పాత రేడియో ఉంటే దాని వాల్యూమ్ మరను తిప్పి చూడండి. ఒకచోట గరగరమంటుంది. అక్కడ కార్బన్ అరిగిపోయిందన్నమాట. థ్రాటిల్ సెన్సర్ కూడా అలాగే అరుగుతుంది, అదీ మనం ఎక్కువగా వాడే చోట, అంటే కొద్దిగా తెరిచిన స్థితిలో. అప్పుడు సిగ్నల్ దగ్గర నెమ్మదిగా కదిలేటప్పుడు బండి జెర్క్ ఇస్తుంది, వేగం అందుకున్నాక బాగానే ఉంటుంది. నా బండి తీరు అది కాదు. అది గుంతల్లోనే ఆగేది. ఈ తేడాను నేను పట్టించుకోలేదు. పట్టించుకున్నది మునిర్కాలో చెట్టు కింద దుకాణం పెట్టుకున్న ఒక ముసలి మిస్త్రీ.

ఆయన ఏదీ విప్పలేదు. ముందు "ఎప్పుడు ఆగుతుంది? ఎక్కడ? వెనక ఎవరైనా ఉన్నప్పుడా?" అని అడిగాడు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, సెన్సర్ ప్లగ్గు వెనకనుంచి సన్నని సూది దూర్చి మల్టీమీటర్ పెట్టాడు. మొదటి తీగలో 5 వోల్టులు ఉన్నాయి. కబురు మోసే తీగలో 0.6. "నెమ్మదిగా తిప్పండి మేడమ్‌జీ" అన్నాడు. తిప్పుతుంటే అంకె ఎక్కడా తడబడకుండా 4.3 దాకా ఎక్కింది, వదిలితే అలాగే దిగింది. పట్టీ అరిగి ఉంటే మధ్యలో ఎక్కడో ఒక్కసారిగా పడిపోవాలి.

"సెన్సర్ బాగుంది" అన్నాడు. మరి కోడ్?

కోడ్ చెప్పేది రోగం పేరు కాదట, నొప్పి ఉన్న చోటు మాత్రమేనట. కబురు రాలేదనే కంప్యూటర్‌కు తెలుసు. పంపేవాడు పంపలేదా, దారిలో పోయిందా, దానికి తెలియదు.

ఆయన బండిని స్టాండు మీదనుంచి దించి నన్ను కూర్చోమన్నాడు. కూర్చుని కిందకీ పైకీ ఊగమన్నాడు. నడిరోడ్డు మీద ఒక టీచరు ఆగి ఉన్న స్కూటర్ మీద ఊగుతుంటే దారినపోయేవాళ్లు చూడటం మొదలుపెట్టారు. మూడో ఊపుకు 5 వోల్టుల తీగలో అంకె సున్నాకు పడింది. మళ్లీ లేచింది.

స్కూటర్లలో ఇంజిన్ వెనక చక్రంతో పాటు ఊగుతుంది, చట్రం ఊగదు. ఆ రెండింటి మధ్య తీగల కట్ట ప్రతి గుంతకూ వంగుతుంది. సర్వీసు చోట బండి ఎప్పుడూ స్టాండు మీదే ఉంది కాబట్టి అక్కడ లోపం బయటపడలేదు. మిస్త్రీ నల్లటి తొడుగును చీల్చి చూపించాడు. తీగ పైపొర బాగానే ఉంది, లోపల రాగి పోగులు తెగి ఒకటి రెండే మిగిలాయి. పక్కనే చట్రం మీద తాడు ఒరుసుకున్న గీత. రైల్లో వేసేముందు "ఇంకా గట్టిగా బిగించు బాబూ" అని ప్యాకింగ్ మనిషికి చెప్పింది నేనే.

తెగిన చోట కొత్త ముక్క వేసి టంకం పెట్టి, ఈసారి కాస్త వదులుగా ఉంచి కట్టాడు. నూటయాభై రూపాయలు తీసుకున్నాడు. కోడ్ చెరిపించాక దీపం మళ్లీ వెలగలేదు.

ఈ కథ క్లాసులో చెబితే, నాన్న కశ్మీర్‌లో ఉన్న ఒక అబ్బాయి "గుల్మార్గ్‌లో మంచు మీద నడిచే స్నోమొబైల్‌కూ ఇది ఉంటుందా మేడమ్?" అని అడిగాడు. ఇంజెక్టర్ ఉన్న వాటికి ఉంటుంది. అక్కడ పిడి తిప్పరు, కుడి బొటనవేలితో మీట నొక్కుతారు. మంచు కరిగి ప్లగ్గులోకి నీళ్లు చేరడం అక్కడి అదనపు బెడద. కాబట్టి ముందు ప్లగ్గు విప్పి పచ్చటి తుప్పు పట్టిందేమో చూడాలి, ఆ తర్వాతే మీటరు. మూడు తీగలూ, వరుసా మాత్రం అవే: 5 వోల్టులు వస్తున్నాయా, సున్నా సరిగా ఉందా, నెమ్మదిగా నొక్కితే అంకె తడబడకుండా ఎక్కుతోందా, తీగను కదిలించినప్పుడు కూడా ఎక్కుతోందా.

మార్చిలో మీలో కొందరి ఇళ్లలో మళ్లీ బదిలీ ఉత్తర్వులు రావచ్చు. బండి కట్టేటప్పుడు పక్కన నిలబడండి. తాడు ఇనుప చట్రం మీదుగా పోవాలి, సీటు కింద ఇంజిన్ వైపు దిగే నల్లటి తీగల కట్ట మీదుగా కాదు.