దక్షిణ పినాకినీ తీరమున మురుగుశుద్ధి - దేవనహళ్ళి పట్టణపు యత్నము

నందిదుర్గ ప్రాంతపు కొండలయందు పినాకినులు రెండు జన్మించుచున్నవి. ఉత్తర పినాకిని పెన్నయను పేరుతో నెల్లూరు సీమను తడిపి సముద్రమును చేరును. దక్షిణ పినాకిని హొసకోట, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మీదుగా సాగి, తమిళ దేశమున తెన్‌పెన్నైయై, కడలూరు చెంత కడలిలో కలియును. ఎగువభాగమున ఈ నదీతీర గ్రామములలో తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. కావున ఈ నీటి మంచిచెడ్డలు వారికి పరాయి విషయములు కావు.

బెంగుళూరు మురుగుచే బెళ్ళందూరు చెరువు 2015, 2017 సంవత్సరములలో నిప్పంటుకొనుటయు, ఆ మురుగే వర్తూరు చెరువు మీదుగా ఈ నదిని చేరి, హోసూరు చెంతనున్న కెలవరపల్లి ఆనకట్టకడ తెల్లని నురుగుగా తేలుటయు పత్రికల కెక్కినవి. మహానగరము చేయు కీడు కంటికి కనబడును. చిన్న పట్టణములు చేయునది కనబడక నేలలోనికి దిగును.

2011 జనగణన నాటికి సుమారు 28,000 జనాభా గల దేవనహళ్ళి ఇందుకు నిదర్శనము. ఇట్టి పట్టణములందు భూగర్భపు మురుగుకాలువలు లేనిచోట ఇంటింటను మరుగుగుంటయో, సెప్టిక్ ట్యాంకో యుండును. గుంటలో పడినదంతయు శుద్ధియగునని పలువురు తలంతురు. అది పొరపాటు. బరువైన పదార్థము అడుగునకు దిగును. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అందు కొంత భాగమును జీర్ణింపజేయును. మిగిలిన మడ్డి ఏటేట పెరుగును. రెండుమూడేండ్ల కొకసారి దానిని తోడించక తప్పదు. పూర్వము ఆ పని మనుష్యులచే చేయించుచుండిరి. 2013 నాటి చట్టము దానిని నిషేధించినది. ఇప్పుడు యంత్రపు బండి గొట్టముతో పీల్చుకొనిపోవును.

పీల్చిన దానిని ఎచట పారబోయవలెను? అసలు చిక్కు ఇచటనే యున్నది. ఏర్పాటు లేనిచోట చెరువుగర్భమో, వాగుగట్టో దానికి గతియగును. కొందరు రైతులు బలమైన ఎరువని పొలమునకే తెప్పించుకొందురు. బలమున్నమాట నిజమే, కాని అందలి ఏలికపాముల గ్రుడ్లు నేలలో నెలల తరబడి చావవు. చేనిలో చేతులతో కలుపుతీయు కూలి స్త్రీలకే ఆ ముప్పు మొదట తగులును.

దేవనహళ్ళిలో 2015న నెలకొల్పిన శుద్ధికేంద్రము ఈ చిక్కునకే విరుగుడు. దాని తాహతు దినమునకు 6,000 లీటర్లు. అనగా ఒకటి రెండు బండ్ల సరకు మాత్రమే. విద్యుచ్ఛక్తి నాశ్రయింపక, పల్లమునకు పారు నీటి స్వభావమునే నమ్ముకొన్న ఏర్పాటిది. చిన్న పురసంఘమునకు ఇంతకంటె కావలసిన సుగుణము లేదు. కరెంటు బిల్లు చెల్లింపలేక యంత్రము లాగిపోవు భయము ఇచట నుండదు. జల్లెడ దాటిన మడ్డి మొదట గాలిచొరని తొట్టిలో పులిసి వాయువును వదలును. పిదప ఇసుక, కంకరలు పరచిన మళ్ళలో ఆరును. దిగిన నీరు పెక్కు గదులు గల తొట్టిగుండ పోయి, మొక్కలు నాటిన కంకర పడకలో వడగట్టుకొనును. ఎండిన మడ్డిని పట్టణపు తడిచెత్తతో కలిపి కుప్ప వేయుదురు. కుప్పలో పుట్టు వేడిమి తగినన్ని దినములు నిలిచిన పక్షమున పురుగుల గ్రుడ్లు నశించును. రైతు కోరిన బలము ఎరువున మిగులును. త్వరపడి కుప్పను ముందే విప్పినచో మాత్రము శ్రమ వ్యర్థము.

ఈ కేంద్రము చేయజాలనిదియు కలదు. గుంటలనుండి తోడినదే దీని పాలబడును. స్నానముల నీరు, వంటింటి నీరు, బట్టలుతికిన సబ్బునీరు గుంటకు పోక వీధికాలువ పట్టి పల్లపు చెరువునకే పారును. పరిమాణమున మడ్డికంటె ఈ నీరే ఎన్నియో రెట్లు హెచ్చు. దానికై కాలువ చివరనే వేరొక వడపోత కావలెను. అందులకు స్థలము చెరువు మొగదలనే, ఆక్రమణలు పడకమున్నే విడిచిపెట్టవలసి యుండును.