మారియోకి అంత పెద్ద మీసం ఎందుకు?

వీడియో గేమ్‌లో గెంతుతూ పరిగెత్తే మారియోని చూశారుగా! ఆ బుల్లి మనిషికి అంత మీసం, ఎర్ర టోపీ ఎందుకంటారు?

1981లో జపాన్‌లోని నింటెండో సంస్థ ‘డాంకీ కాంగ్’ అనే ఆట తెచ్చింది. అందులో ఇతన్ని జంప్‌మ్యాన్ అనేవారు. రూపం ఇచ్చింది షిగెరు మియామోటో. అప్పటి యంత్రాల్లో బొమ్మ గీయడమంటే చుక్కల ముగ్గు వేయడమే. చుక్కలేమో బాగా తక్కువ! అంత తక్కువ చుక్కల్లో నోరు ఎలా కనిపిస్తుంది? అందుకే పెద్ద ముక్కు పెట్టి, కింద మీసం దిద్దాడు. ఇక నోరు గీయనక్కర్లేదు. దూకితే జుట్టు ఎగరాలి కదా, ఆ తిప్పలు లేకుండా టోపీ తొడిగాడు. చేతుల ఊపు తెలియాలని చొక్కాకో రంగు, పైన వేసుకున్న దుస్తులకో రంగు. ఎంత చక్కటి ఉపాయాలో!

మరి ఇన్నేళ్లయినా పిల్లలు ఎందుకు ఆడుతున్నారు? నాకైతే ఆ గెంతే కారణమనిపిస్తుంది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో మీట తడితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు. ఆట మొదలవగానే ఒక శత్రువు నడిచొస్తుంది. తగిలారా, మళ్లీ మొదటికే! రెండోసారి ఎవరూ చెప్పకుండానే మీరు దూకేస్తారు.

ఇప్పుడు తెర మీద చుక్కలకు కొరతే లేదు. అయినా ఆ మీసం మాత్రం తీయలేదు.