ధర బారెడు... మెమరీ బెత్తెడు!

ఫోన్ చేతిలో ఉందా? దాని తాతముత్తాతల ముచ్చట్లు వినండి. నోరు వెళ్లబెట్టడం ఖాయం!

మీకు తెలుసా? 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 కిట్టు ధర దాదాపు 400 డాలర్లు. కీబోర్డు లేదు, తెర లేదు! ఒక్క బైటు ఎక్కించాలంటే ఎనిమిది స్విచ్చులు పైకీ కిందికీ వేసి, ఇంకో స్విచ్చు నొక్కాలి. వేళ్లకు వ్యాయామం ఉచితం!

మీకు తెలుసా? దాని మెమరీ 256 బైట్లు. ఇప్పటి ఫోన్లు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘జహీరాబాద్’ అని రాస్తే 27 బైట్లు. మన ఊరి పేరు తొమ్మిదిసార్లు పడుతుంది. పదోసారికి హౌస్‌ఫుల్!

మీకు తెలుసా? 1980లో సీగేట్ ఎస్‌టీ-506 హార్డ్ డిస్క్ 5 ఎంబీ, 1,500 డాలర్లు. మీ 32 జీబీ మెమరీ కార్డుకు సమానం కావాలంటే అలాంటివి 6,400 కొనాలి. బిల్లు 96 లక్షల డాలర్లు! గోరంత కార్డు, కొండంత ఖరీదు!

మీకు తెలుసా? 1981లో ఐబీఎం పీసీ 1,565 డాలర్లు. అంత పోసినా మెమరీ 16 కేబీ! మానిటర్‌కు వేరే డబ్బు. ప్రోగ్రాములు దాచుకోవడానికి? టేప్ రికార్డర్ క్యాసెట్టు!

మీకు తెలుసా? హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల తొలి కంప్యూటర్ సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. నాన్న బ్యాంకాక్ నుంచి తెచ్చారు. 1982లో బ్రిటన్‌లో దాని 48 కేబీ మోడల్ 175 పౌండ్లు. ఆ కుర్రాడే 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ! పెట్టుబడి గిట్టుబాటైనట్టే!

మీకు తెలుసా? 1984లో ‘క్లాస్’ పథకం కింద మన దేశంలోని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. మెమరీ 32 కేబీ. 4 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఫోన్ అలాంటి 1,31,072 కంప్యూటర్లకు సాటి! జేబులో ఎన్ని బడులో!

మీకు తెలుసా? 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ తెచ్చినప్పుడు డయలప్ వేగం 9.6 కేబీపీఎస్. 3 ఎంబీ ఫొటో ఒక్కటి దిగడానికి 40 నిమిషాలకు పైనే! ఈలోగా వంట చేసుకుని, తిని, గిన్నెలు కూడా కడిగేయొచ్చు!

మీకు తెలుసా? హైదరాబాద్ ఈసీఐఎల్ దేశీ టీడీసీ-12 కంప్యూటర్లు తయారుచేసింది. ఆ సంస్థను తీర్చిదిద్దిన ఏ.ఎస్.రావు మోగల్లు అనే ఊరి బిడ్డ. ఏఎస్‌రావు నగర్ ఆయన పేరు మీదిదే!

మీకు తెలుసా? మన సంగారెడ్డి జిల్లా కందిలోనే, ఐఐటీ హైదరాబాద్‌లో, పరమ్ సేవా సూపర్ కంప్యూటర్ ఉంది. సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్. అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు! ఎక్కాలు అప్పజెప్పడంలో దాన్ని కొట్టేవాళ్లు జిల్లాలో ఎవరైనా ఉన్నారా?